శామ్యూల్ అన్న వేసిన ఆఖరి బంతి

నంద్యాలలో నా విత్తనాల కొట్టు వెనక బడి మైదానం ఉంది. ఈమధ్య అక్కడ బాస్కెట్‌బాల్ స్తంభాలు పాతారు. సాయంత్రమైతే బంతి ఇనుప రింగుకు తగిలి బయటికి పోయే చప్పుడు ఠంగుమని కొట్టులోకి వినిపిస్తుంది. శనగలు తూస్తున్న నా చెయ్యి ఆగిపోతుంది. శామ్యూల్ అన్న పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయనది ఆళ్లగడ్డ. ఆరడుగుల ఐదంగుళాల మనిషి. చెన్నైలో ఒక కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టుకు పన్నెండేళ్లు జీతం తీసుకుని ఆడాడు. బంతి ఆడితే జీతమిస్తారంటే మా వైపు ఎవరూ నమ్మేవారు కాదు. కొడుకు ఏదో గోడౌన్‌లో పై అరల మీది మూటలు దించుతున్నాడని వాళ్ల నాయనే చాలాకాలం అనుకున్నాడట. నంద్యాలలో ఆయనకు అభిమాన సంఘం ఉండేది. సభ్యులం ఇద్దరం: నేనూ, పక్క కొట్టు దర్జీ మస్తానూ. అధ్యక్ష పదవి కోసం నెలరోజులు మాటలు మానేసుకుని, చివరికి ఇద్దరమూ అధ్యక్షులమయ్యాం.

ఒకసారి నంద్యాలలోనే పోటీలు జరిగాయి. ఫైనల్లో అన్న జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఆఖరి క్షణంలో బంతి ఆయన చేతికొచ్చింది. మస్తాన్ పూనకం వచ్చినట్టు లేచి, తాను కుట్టిన బ్యానర్ ఎత్తాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ గుడ్డ మా ఇద్దరి మొహాలకూ అడ్డమొచ్చింది. జనం కేకలు విన్నాం గానీ బంతిని చూడలేదు. గుడ్డ దించేసరికి అవతలి జట్టువాళ్లు గంతులేస్తున్నారు.

"బాల్ పడిందప్పా! రెఫరీ మోసం చేసినాడు" అని మస్తాన్ అక్కడికక్కడే తేల్చేశాడు. నేనూ తలూపాను. తర్వాత ఇరవై ఏళ్లు కనిపించినవాడికల్లా అదే చెప్పాం.

మోకాలు దెబ్బతిని ఆట మానేశాక అన్న ఆళ్లగడ్డలో స్థిరపడ్డాడు. సన్మానం చేద్దామని దండ తీసుకుని వెళ్లాం. అది వేయడానికి మస్తాన్ కుర్చీ ఎక్కాడు. ఎక్కినవాడు ఊరుకోక, "ఆ పొద్దు బాల్ పడిందన్నా, నీకు అన్యాయం జరిగింది" అన్నాడు.

"పడల్యాప్పా."

"నువ్వు పెద్దమనిషివి గాబట్టి అట్లంటాండావు."

"వేసింది నేను. రింగుకు తగిలి బయటికి పోయింది. దిగు, కుర్చీ ఇరుగుతాది."

వెళ్లిన ప్రతిసారీ ఇదే వాదన. ఆయన భార్య రత్నమ్మక్క కాఫీ తెచ్చేసరికి వాదన మొదలయ్యేది, గ్లాసులు తీసుకుపోయేసరికి ముగిసేది. ఒక్క బంతి గురించి అబద్ధం ఆడమంటే ఆ మనిషికి ఏమిటంత కష్టమో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక ఏడు నేను అమ్మిన శనగ విత్తనం మొలవలేదు. గిడ్డంగిలో మిగిలిన పాత సరుకు అందులో కలిసిందని నాకు తెలుసు. దొర్నిపాడు రైతులు రేపు కొట్టు మీదికి వస్తారని తెలిసి, అన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన పక్కన నిలబడితే చాలు, ఎవరూ చెయ్యెత్తరని నా ధైర్యం.

"వాన సరిగ్గా పడల్యాదన్నా, దాంతో…" అని మొదలుపెట్టాను.

"వాన సంగతి యాడడిగినా? ఇత్తనం మంచిదేనా?"

"పాత సరుకు కలిసిందన్నా."

"ఆ మాటే వాళ్లకు చెప్పు. నేనొస్తాలే."

మర్నాడు వచ్చాడు. వస్తూనే నా షట్టరు అంచుకు నుదురు కొట్టుకుని, తల పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. నన్ను తన్నడానికి వచ్చిన రైతులే ఆయనకు నీళ్లు తాగించి, తలగుడ్డ తడిపి నుదుటికి కట్టారు. ఆ సందట్లోనే నేను చెప్పాను: "తప్పు నాదేనప్పా. పాత ఇత్తనం కలిసింది. తెలిసే అమ్మినా." తిట్లు పడ్డాయి, బాగానే పడ్డాయి. కొట్టులో ఉన్న మంచి విత్తనమంతా వాళ్ల బండికెక్కింది. అన్న అక్కడే కూర్చుని, ఒక్క మాటతోనైనా నాకు సాయం రాకుండా, అంతా విన్నాడు. ఆ తర్వాత నా భుజం పట్టుకుని లేచి, "ఆకలైతాంది, అన్నం పెట్టించు" అన్నాడు.

ఆయన గుండెపోటుతో పోయాక ఆళ్లగడ్డ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మస్తాన్ మైకు అందుకుని ఏడుస్తూ, "ఆ పొద్దు బాల్ పడింది…" అన్నాడు.

ముందు బల్ల మీది నుంచి రత్నమ్మక్క లేచింది. "పడల్యాప్పా మస్తానూ! మనిషి పోయినాక గూడా ఇడ్సవా?"

చర్చి అంతా నవ్వింది. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నా వంతు. రాసుకొచ్చిన కాగితంలో నేనూ బంతిని రింగులో వేయించే ఉన్నాను. దాన్ని మడిచి జేబులో పెట్టాను. "మేము చూడల్యా. బ్యానర్ అడ్డమొచ్చింది. ఇరవై ఏండ్లుగా చూసినట్టు చెప్పుకుంటాండాం" అన్నాను.

రత్నమ్మక్క చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మస్తాన్ మాత్రం బస్సులో నాతో మాట్లాడలేదు. నంద్యాల పొలిమేరలో నోరు విప్పాడు. "ఆయప్ప నిజం చెప్తాంటే మనం ఒగసారన్నా ఊఁ అనింటే బాగుండేది గదప్పా."

మొన్న అవుకు ఊరి రైతు ఒకాయన శనగలు గుప్పిట్లోకి తీసుకుని, "అన్నీ మొలుస్తాయా?" అని అడిగాడు.

"చెప్పల్యానప్పా. గుప్పెడు తీస్కపో, తడిగుడ్డలో కట్టి చూడు. నచ్చితే రా" అన్నాను.

ఆయన గుప్పెడు గింజలూ జేబులో వేసుకుని నేరుగా ఎదురుకొట్టుకు వెళ్లి, అక్కడ నాలుగు బస్తాలు కొన్నాడు. చూస్తే కడుపు మండింది. అయినా మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చితే, హాయిగా నిద్రపట్టింది.