అన్న తీసుకెళ్లే గుప్పెడు వడ్లు

చర్ల దాటి అడవిలోకి పోతే వచ్చే మా ఊళ్లో, ఎంత వాన పడినా విత్తనాల పండుగ కాకుండా ఎవరూ గింజ చల్లరు. ఆ రోజు ఇంటికో గుప్పెడు వడ్లు పూజారి బుట్టలో పోయాలి. ఆయన అందరివీ కలిపి, వేల్పు ముందు పెట్టి, మళ్లీ ఇంటికో గుప్పెడు పంచుతాడు. ఆ కలిసిన గింజలే చేలో ముందు పడాలి. బుట్టలో గింజ పడని ఇంటికి దుక్కికి ఎవరూ రారు, ఎడ్లు ఇవ్వరు. జరిమానా లేదు, తిట్టు లేదు. రారు, అంతే.

ఆ పూజారి మా అన్న. నేనేమో చర్చికి పోతాను.

మా ఆవిడ ఒక వానాకాలం జ్వరంతో పోబోయి బతికింది. దవాఖానాలో డాక్టర్ సూది వేశాడు, పక్క మంచం ముసలామె ప్రార్థన చేసింది. సూది వేసినాయన మళ్లీ మా మొహం చూడలేదు. ముసలామె మూడు వారాలు వరసగా ఇంటికొచ్చి చూసిపోయింది. మేం ఆమె వెంట పోయాం.

అన్న మా ఇంటికి రావడం మానలేదు. ఏటా పండుగ పొద్దున మా వాకిట్లోకి వచ్చి, విత్తనాల సంచిలో తనే చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుపోయేవాడు. ఆ సమయానికి నాకు మేకల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టేది. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ చదువుకున్నవాడూ చేసి ఉండడని నా నమ్మకం.

ఈ ఏడు ఆ ఏర్పాటును ఎవరూ నిలవనివ్వలేదు. మతం మారినవాళ్లకు గిరిజన సర్టిఫికెట్ వద్దని కొందరు యువకులు కాగితం పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నారు. మా ఊళ్లో వాళ్లలో సగం మంది నాకు అల్లుళ్ల వరసే. ఈసారి ఏ ఇల్లు గింజ పోసిందో, ఏ ఇల్లు పోయలేదో వీడియో తీస్తామన్నారు. ఇటు చర్చిలో కొత్త పాస్టర్ గారు, ఎవరి గింజ ఆ బుట్టలో పడితే వాళ్లు ఆదివారం అందరూ పంచుకు తినే ప్రభు బల్ల రొట్టె ముట్టొద్దన్నారు. మంచి మనిషి. ఖమ్మంలో ఖానాపురం హవేలి నుంచి బస్సెక్కి వచ్చి, రెండు రోజులు మా దోమలకు రక్తమిచ్చి పోతారు.

అంటే బుట్టలో పోస్తేనే నేను ఊరివాణ్ని, పోయకపోతేనే విశ్వాసిని. ప్రభువు పెళ్లిళ్లకు పోయాడు, ఊరు వెలివేసినవాళ్ల ఇళ్లలో తిన్నాడు. మా పండుగకు పిలిస్తే రాడని నేను అనుకోను. కానీ ఈ మాట ఇటువాళ్లకూ అటువాళ్లకూ విడమరచి చెప్పే ఓపిక నాలో మిగల్లేదు. ఓపిక లేని చోట నాకు జోకు వస్తుంది.

అదే ముంచింది. పండుగకు ముందు ప్రార్థన కూటంలో పాస్టర్ గారు ఒక్కొక్కరినీ లేపి, బుట్టలో గింజ ఇచ్చారా అని అడిగారు. నా వంతు వచ్చింది.

“నేనెప్పుడూ ఇయ్యలేదు అయ్యగారూ. మా అన్ననే దొంగతనం చేస్తడు. ఆయన కోసం ప్రార్థన చేయుండ్రి.”

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. మర్నాడు సంతలో ఆ మాట అన్న చెవిన పడింది.

పండుగ పొద్దున సంచి మూతి విప్పి పెట్టి, మేకల దగ్గర నిలబడ్డాను. అన్న మా ఇంటి ముందు నుంచే బుట్టతో పోయాడు. తల తిప్పలేదు. పక్కింట్లో ఆగాడు, అవతలి ఇంట్లో ఆగాడు. మధ్యాహ్నం దాకా చూశాను. మా ఆవిడ వచ్చి సంచి నా చేతికిచ్చింది.

“నోరు నీది. పో” అంది.

వేల్పు గుడిసె ముందు ఊరంతా ఉంది. నేను కనపడగానే ఫోన్లు పైకి లేచాయి. గుప్పెడు తీసి బుట్ట మీద పట్టాను. అన్న బుట్టకు చెయ్యి అడ్డం పెట్టాడు. మేం మా కోయ భాషలోనే మాట్లాడుకున్నాం, మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

“నేను ఎత్తుకపోయినదా, నువ్వు ఇచ్చినదా? అందరి ముంగట చెప్పు.”

నా నాలుక మీదికి ఎప్పుడూ ఏదో ఒక జోకు వస్తుంది. అప్పుడు రాలేదు.

“నేనే ఇస్తున్న అన్నా.”

“మొక్కుతవా?”

“మొక్కను. మీతోని కలిసి చల్లాల్నని ఇస్తున్న.”

అన్న బుట్ట మీంచి చెయ్యి తీశాడు. పోశాను.

“మామా, ఇంకొక్కసారి వడ్లు పొయ్యి, వీడియో సరిగ్గ రాలే” అన్నాడు ఒక అల్లుడు.

“ఒక్కటేసారి” అన్నాడు అన్న.

సరిగ్గా రాని ఆ వీడియో సాయంత్రానికి పాస్టర్ గారి ఫోన్‌కు చేరింది. ఆయన ఫోన్ చేశారు. కోపం లేదు, గొంతులో బాధే ఉంది. నేను మొక్కలేదని చెప్పాను.

“బ్రదర్, వీడియోలో నీ చెయ్యి కనిపిస్తోంది. చూసేవాళ్లకు నీ మనసు కనిపించదు కదా. ఈ వారం బల్లలో రొట్టె తీసుకోకుండా ఆగు.”

ఆదివారం వెనక చాప మీద కూర్చున్నాను. రొట్టె పళ్లెం వచ్చింది. మా ఆవిడ తీసుకుని పళ్లెం నాకిచ్చింది. పక్కవాడికి అందించాను. ఎన్నో ఏళ్లుగా ఆ ముక్క చిన్నదైపోతోందని ఎగతాళి చేసినవాణ్ని నేనే. ఆ రోజు అది పక్కవాడి వేళ్ల మధ్య చాలా పెద్దగా కనిపించింది.

కూటం అయ్యాక అయ్యగారు ఆగమన్నారు, నాతో ప్రార్థన చేస్తానన్నారు. వచ్చే వారం చేద్దామన్నాను. రాత్రి వాన పడి చేను పదునుగా ఉంది.

నేను పోయేసరికి అన్న అప్పటికే నా చేలో సగం దున్నాడు. గట్టు మీద ఆకుదొప్పలో కలిపిన వడ్లు పెట్టి ఉన్నాయి.

“అయిందా మీ ప్రార్థన?”

“అయింది.”

రొట్టె సంగతి చెప్పలేదు. ఆయన అరక నా చేతికిచ్చి, దొప్ప అందుకుని చల్లడం మొదలుపెట్టాడు.