కళ్ళు మూసుకున్నంతసేపు

ఆ రోజుల్లో నాకు భయపడటం తప్ప వేరే పని చేతనయ్యేది కాదు. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. జేబులో సెల్లు ఉండేది, కొండెక్కితే సిగ్నలే ఉండేది కాదు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కి, అది తిరగకముందే దింపమని ఏడ్చినవాణ్ని నేను (అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, ఎనిమిది అనుకునేరు). అలాంటి నన్ను, పాలిటెక్నిక్ ఎలాగో గట్టెక్కి ఇంట్లో ఖాళీగా కూర్చున్నానని, మా అమ్మ తన తమ్ముడి వెంట కొండకు పంపింది. బద్వేలు దాటినాక వచ్చే కొండల్లో ఒక ఏటవాలు మీద నీలగిరి చెట్లు కొట్టి దించే పని మామది. ఆ వాలులో ట్రాక్టరు సంగతి దేవుడెరుగు, మేక కూడా కూర్చుని దిగాల్సిందే. అందుకని కింద బాట పక్కన తాడును లాగి బిగించే వించి యంత్రం పెట్టి, కొండ పైనున్న ఒక పాత చెట్టు మొద్దుకు ఇనుప తాడు బిగించి, దాని మీద కప్పీల బండి నడిపి, దుంగల్ని గాల్లో వేలాడదీసి కిందికి తెచ్చేవాళ్ళు. ఆ తాడును అందరూ పెద్దరోపు అనేవారు.

"వాణ్ని ఆ తాడు కింద మాత్రం నిలబెట్టొద్దురా, ప్రభువు నిన్ను సల్లగా చూస్తాడు" అని అమ్మ బతిమాలింది. మామ మాట నిలబెట్టుకున్నాడు. నన్ను తాడు కింద కాకుండా కొండ మీద, మొద్దుకు ఓ పక్కగా, బండరాయి వెనక కూర్చోబెట్టాడు. తర్వాత సంచిలోంచి ముగ్గుపిండి తీసి, మొద్దు వేరు మీద నుంచి నేల మీదికి అడ్డంగా ఒక గీత గీశాడు. వించి నడిపే భాయ్ అప్పటికింకా అక్కడే ఉన్నాడు. "ఏమప్పా, వారం వారం చర్చికి పోయేటోడివి, ముగ్గు యాడ నేర్చినావు?" అని నవ్వాడు. మామ నవ్వలేదు. "అబ్బీ, ఈ గీత పగిలిందంటే మొద్దు కదిలినట్టు. అప్పుడు ఎర్రగుడ్డ ఎత్తాల, ఈల ఊదాల, వాకీటాకీలో ఆపమని అరవాల. మూడిట్లో ఏ ఒక్కటి చేసినా నేను బతుకుతా. గీత మీద నుంచి కన్ను తియ్యొద్దు" అని ఆ మూడూ నా ఒళ్ళో పెట్టాడు. భాయ్ దిగిపోతూ నా భుజం తట్టి, "జాగ్రత్తప్పా. తెగిన రోపు మనిషి మొగం జూడదు" అని, టీ తాగావా అని అడిగినంత మామూలుగా చెప్పి పోయాడు. మామ కూడా వెనకే వాలులోకి దిగాడు.

మొదటి దుంగ కదలగానే తాడు బిగిసి సన్నగా మూలిగింది. ఆ మూలుగు నా పళ్ళలోకి వచ్చింది. అయినా రెప్ప వేయలేదు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా గీతనే చూశాను. రెండోదీ క్షేమంగా దిగింది. మూడో దుంగ మాత్రం సగం వాలులో ఒక గుండురాయికి అడ్డం పడి ఇరుక్కుంది. భాయ్ యంత్రాన్ని అలాగే బిగువులో ఉంచాడు. మామ గడ్డపార భుజాన వేసుకుని, దుంగను విడిపించడానికి సరిగ్గా ఆ తాడు కిందికి నడిచాడు. నిన్నటిదాకా నాతో వేరుసెనక్కాయలు పంచుకుని తిన్న మనిషి. నా వల్ల కాలేదు. మోకాళ్ళూనాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన పైకి చేరదని మా అమ్మ సిద్ధాంతం. పైగా పేర్లు వరసలో చెప్పాలి: ముందు పాస్టరుగారు, తర్వాత నాయన్ను కన్న జేజి, నాయన, చిన్నాయన సంసారం, వేంపల్లె అత్త, ఆమె మోకాలి నొప్పి. అమ్మ తరఫువాళ్ళు ఆఖర్న వస్తారు. నేను భయంలో కూడా వరస తప్పలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, అత్త మోకాలిని సైతం వదలకుండా, చివరికి "మా మామను..." అన్నాను. ఆ మాటతో నాకు మామ గుర్తొచ్చాడు. కళ్ళు తెరిచాను.

గీత రెండు ముక్కలై ఉంది. మధ్యలో నా బొటనవేలు పట్టేంత సందు.

ఎర్రగుడ్డ కోసం వెతికాను. అది నా మోకాళ్ళ కిందే ఉంది (ప్యాంటు మాసిపోతుందని పరిచింది నేనే). ఈల నోట్లో పెట్టుకుంటే నోరెండిపోయి ఉత్త గాలి వచ్చింది. వాకీటాకీ నొక్కి ఆపమని అరవబోయాను. సగంలో ఉన్న ప్రార్థన గొంతులో అడ్డం పడి, నా నోట్లోంచి ఒకే మాట, కొండ దద్దరిల్లేలా వచ్చింది: "ఆమేన్!"

భాయ్ వించి వదిలేశాడు. మామ గడ్డపార పారేసి పక్కకు దూకాడు. మొద్దు సగం పైకి లేచి, వెనక రెండు మొద్దులకు జాగ్రత్తకని కట్టిన తాళ్ళకు చిక్కి ఆగింది. పెద్దరోపు ఒక్కసారిగా వదులై వాలు మీద పడింది. దుమ్ము తగ్గాక చూస్తే, మామ నిలబడిన చోట గడ్డపార రోపు కింద వంగిపోయి ఉంది.

తరువాత భాయ్‌ని అడిగాను, ఎందుకాపావని. "కొత్త మాట ఇనబడితే ఆపడమే నా పనప్పా. అందులోనా నువ్వు ఆమేన్ అన్న తీరుకు ఎవురో పోయినారనుకున్నా" అన్నాడు.

మామ కొండెక్కి వచ్చాడు. చెంప పగలగొడతాడని తల వంచుకున్నాను. ఆయన గీతను చూశాడు, ఎర్రగుడ్డ మీద రెండు మోకాళ్ళ గుర్తులు చూశాడు, నా పక్కన కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఎంతసేపు మూసుకున్నావురా కండ్లు?"

"పేర్లన్నీ అయ్యేదాకా, మామా."

"నా పేరు ఎన్నోది?"

"ఆఖర్ది."

మామ కింద ఆ గడ్డపార వైపు చూశాడు. "ఇంకమీద నాది ముందు చెప్పు" అన్నాడు. ఎర్రగుడ్డ దులిపి నా చేతికిస్తూ, "కండ్లు తెరిచే చేసుకో. ఆయనేమీ అనుకోడు. నాకూ శానా భయమేసిందిరా" అన్నాడు.

ఇప్పుడు ఆ గీతలు గీసేది నేను. అప్పటి నుంచి నాకు కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడం రాదు. చర్చిలో మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. పాస్టరుగారు ఒకసారి నా వంక చూసి ప్రసంగంలో ఏదో అన్నారు కూడా. పోయిన ఆదివారం అందరి తలలూ వంగి ఉన్నాయి. వాటి మీదుగా అవతలి బెంచీ చివర, కొండెక్కడం మానేసిన మామ, కళ్ళు రెండూ తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గడ్డం కొంచెం ఎగరేశాడు: చెప్పినావా? చెప్పానన్నట్టు తలూపి, అప్పుడు పాస్టరుగారి పేరు దగ్గరికి వెళ్ళాను.