పిన్ని ఎత్తుకున్న పాట

నా చిన్నప్పుడు మా పిన్ని పొద్దున్న లేచాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెరట్లో నిలబడి, పెదాలు మూసుకుని సన్నగా ఒక స్వరం పలికించి, గొంతు ఎలా ఉందో చూసుకునేది. బాగుంటే "కాఫీ అయిందా అక్కా?" అంటూ వంటింట్లోకి వచ్చేది. బాగోకపోతే చేత్తో సైగ చేసి వేడినీళ్లు అడిగేది. నేను చెప్పబోయే ఏడాది సైగ చేసిన రోజులే ఎక్కువ.

పిన్ని అమ్మకు చెల్లెలు. విజయవాడలో మా ఇంట్లోనే ఉంటూ ఒక స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఆదివారం చర్చిలో పాడేది. డెబ్బైల మాట ఇది. అప్పట్లో పెళ్లిళ్లకూ వార్షికోత్సవాలకూ సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టించడం గొప్పగా ఉండేది. అలాంటి ఒక పార్టీలో పిన్ని ఆడపాటలు పాడేది. నాన్నకు అది ఇష్టం లేదు. ఇంటి నుంచి ఎవరో ఒకరు తోడు వెళ్లాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆ తోడు నేనే. పదేళ్ల ఆడపిల్లను తోడిచ్చి పంపితే ఎవరికి ఏం ధైర్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

పిన్నిది బరువైన గొంతు. ఆమె పాడితే ఎవరో పక్కన కూర్చుని నెమ్మదిగా ఏదో చెబుతున్నట్టు ఉండేది. కాని ఆ గొంతు ఆర్కెస్ట్రాలో ఎవరూ వినలేదు. పార్టీ యజమానే అందులో మగపాటలు పాడేవాడు. ఆయన గొంతుకు ఏ శ్రుతి హాయిగా ఉంటుందో హార్మోనియం ఆ శ్రుతిలోనే వాయించేవారు, తబలా దానికే బిగించేవారు. కార్యక్రమం అయ్యేదాకా ఇక మార్పు ఉండదు. పిన్ని కూడా అందులోనే పాడాలి. అది ఆమెకు చాలా ఎత్తు. పైకి వెళ్లే చోట మెడ నరాలు ఉబ్బేవి, గొంతు కీచుమనేది. అదే శ్రుతిలో ఒక స్థాయి కిందికి దించి పాడబోతే మాట లోపలే ఉండిపోయేది. జనం మాత్రం చప్పట్లు కొట్టేవారు. ఆడగొంతు అలాగే ఉండాలని వాళ్ల లెక్క.

ఆ వేసవిలో గొంతు డాక్టరు చూసి, ఇలాగే అరుస్తూ పోతే పాట సంగతి అటుంచి పాఠం చెప్పడానికి కూడా గొంతు మిగలదన్నాడు. అమ్మ ఆర్కెస్ట్రా మానెయ్యమంది. పిన్ని మానలేదు. ఆ వారం రిహార్సల్‌కు వెళ్లినప్పుడు, తన రెండు పాటలకు శ్రుతి తగ్గించమని యజమానిని అడిగింది.

"నీ ఒక్కదాని కోసం ఇంతమందిమీ మార్చుకోవాలామ్మా? తబలాకి మళ్లీ సుత్తి దెబ్బలు, గిటారు కుర్రాళ్లకి మళ్లీ పాఠం."

"నా రెండు పాటలకేనండీ."

"అదీగాక సన్నగా ఉంటేనే ఆడపిల్ల గొంతు. కిందికి దించావనుకో, నా పక్కన మా తమ్ముడెవరో నిలబడి పాడుతున్నట్టుంటుంది."

అందరూ నవ్వారు. పిన్ని కూడా కొంచెం నవ్వింది.

"తమ్ముడైతే మార్చేవారేగా అండీ" అంది.

నవ్వులు ఆగాయి. ఎందుకంటే అంతకుముందు నెలలో గుంటూరు నుంచి యజమాని స్నేహితుడొకాయన వచ్చి వీళ్లతో పాడాడు. ఆయనకు శ్రుతి కుదరలేదు. అందరికీ టీలు తెప్పించి, ఆ టీ తాగేలోపు తబలా సరిచేసి, ఆయనకు కావలసినట్టు అమర్చారు. ఎవరూ విసుక్కోలేదు. అది పిన్ని చూసింది, నేనూ చూశాను. యజమాని మాత్రం చేతి గడియారం చూసుకుని, "సరేగాని, టైమవుతోంది, మొదలుపెట్టండి" అన్నాడు.

తరువాతి కార్యక్రమం కంకిపాడులో, ఒక పెళ్లిలో. పట్టపగలు, భోజనాలవుతుండగా. కొబ్బరాకుల పందిరి కింద చెక్కబల్లల మీద స్టేజీ కట్టారు. నేను ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్నాను. పిన్ని కొంగు భుజం చుట్టూ కప్పుకుని స్టేజీ చివర కుర్చీలో కూర్చుంది. తన పాట వచ్చేదాకా ఆడమనిషి లేవకూడదు. యజమాని మూడు పాటలు పాడి చెమట తుడుచుకుంటూ, "ఇప్పుడు మా గాయనీమణి" అని ప్రకటించాడు. పేరు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పేవాడు కాదు.

మామూలుగా అయితే హార్మోనియం మాస్టారు శ్రుతి అందిస్తాడు, వాద్యాల వాళ్లు కాసేపు వాయిస్తారు, ఆ తర్వాత పాడేవాళ్లు అందుకుంటారు. మాస్టారు చెయ్యి ఇంకా హార్మోనియం మెట్ల మీదికి రాలేదు. పిన్ని మైకు దగ్గరికి వెళ్లీ వెళ్లగానే పల్లవి ఎత్తుకుంది. ఏ వాద్యం లేకుండా, తన సొంత శ్రుతిలో.

పాట ఎక్కడ ఆగిపోతుందోనని నాకు భయం. యజమాని కళ్లెర్రజేసి హార్మోనియం వైపు చూశాడు. మాస్టారు ఆయన్ని చూసి, పిన్నిని చూసి, తల వంచుకున్నాడు. ఒక మెట్టు నొక్కాడు, అది కాదు. పక్కది నొక్కాడు, అదీ కాదు. పిన్ని ఆయన వైపు తిరగలేదు, తొందరపడలేదు. పల్లవి మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఈసారి ఆయనకు దొరికింది. తబలా ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు కూర్చుని, చరణం మధ్యలో, శ్రుతి పట్టింపు అంతగా లేని డోలక్ ఒళ్లోకి లాక్కున్నాడు. గిటారు కుర్రాళ్లు ఆ పాటంతా వాయించలేదు.

వెనక నుంచి ఎవరో కుర్రాడు "ఒరేయ్, పాడేది ఆడా మగా?" అని అరిచాడు. కొందరు నవ్వారు. ఒక పెద్దావిడ విస్తరి ముందు నుంచి నా పక్కకు లేచొచ్చి ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని వింటోంది. పాట అయ్యాక, "ఇందాకట్నుంచీ పాటలే విన్నాను. ఈ పిల్ల మాటలు కూడా వినపడ్డాయే" అంది నాతో. ఆమె మా పిన్ని అని చెప్పాను. ఆవిడకు పేరు కూడా చెప్పాను.

తిరుగు ప్రయాణంలో పార్టీ వ్యానులో మాకు చోటు లేదన్నారు. బస్సుకోసం రోడ్డు మీద నిలబడి ఉంటే యజమాని దగ్గరికొచ్చి, "ఇక నీ శ్రుతి నీ ఇంట్లో పెట్టుకోమ్మా" అని వెళ్లిపోయాడు. హార్మోనియం మాస్టారు వ్యానులోంచి మా వైపు ఒకసారి చెయ్యెత్తాడు.

బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. కొంగుతో ఒకసారి ముఖం తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏదీ, ఒక పాట ఎత్తుకో అమ్మడూ" అంది. నేను ఆమె స్టేజీ మీద పాడే గొంతును అనుకరిస్తూ సన్నగా మొదలుపెట్టాను. "అలా కాదు. మీ అమ్మని అన్నం పెట్టమని ఏ గొంతుతో అడుగుతావో ఆ గొంతుతో." నాకు నవ్వొచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాను. పిన్ని నా గొంతు ఎక్కడుందో వెతుక్కుని వచ్చి కలిసింది. పెద్దవాళ్లు నా కోసం శ్రుతి మార్చుకోవడం అదే మొదటిసారి. కాలవ గట్టు పొడుగునా అలాగే పాడుకుంటూ ఇల్లు చేరాం.

ఆ పార్టీలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. పిన్నిని మళ్లీ ఏ ఆర్కెస్ట్రా పిలవలేదు. మైకు ముందు నిలబడటం తనకు ఎంత ఇష్టమో తెలుసు గనక, అది చిన్న నష్టమని నేను అనను. పెళ్లి పందిళ్ల దగ్గర పాటలు వినపడితే ఆమె నడక నెమ్మదించేది. కాని గొంతు నిలిచింది. స్కూల్లోనూ చర్చిలోనూ ఎంతోమంది ఆడపిల్లలకు పాటలు నేర్పింది. కొత్తగా వచ్చిన పిల్లతో మొదట ఏదైనా ఒకటి పాడించుకుని, ఆ తర్వాతే హార్మోనియం ముట్టుకునేది.

పోయిన నెల పిన్ని పోయింది. ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికకు ఇల్లు నిండా జనం వచ్చారు. కీబోర్డు తెచ్చారు. పాటలు నడిపించేది ఒక మగాయన, మంచి గొంతు. ఆయనకు అనువైన శ్రుతిలో మొదటి పాట సాగింది. ఆడవాళ్లం ఎప్పటిలాగే సగం మంది అరిచాం, సగం మంది పెదాలు కదిపాం. రెండో పాటకు ఆయన పుస్తకంలో పేజీ తిప్పుతున్నాడు. పిన్ని ఫోటో ఎదురుగా ఉంది. నేను ఎత్తుకున్నాను. నాదేమీ గొప్ప గొంతు కాదు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి కూడా ఉంది. కీబోర్డు ముందున్న అతను తలెత్తి చూశాడు. ఒక మెట్టు నొక్కాడు, కాదు. పక్కది నొక్కాడు. నేను పల్లవి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. అతనికి దొరికేలోపే నా వెనక ఆడవాళ్లంతా వచ్చి కలిశారు, తమ మామూలు గొంతులతో.