టిన్‌కప్ కొండ, మార్సెలీన్ మోకాలు

“పరుగు పందెమని పేరేగానీ, పరిగెత్తేదెవరే అమ్మాయ్ అక్కడ? ఊళ్ళోవాళ్ళు చూస్తున్నారు కదా అని మొదటి అరమైలు పరిగెడతాం. మలుపు తిరిగి ఎవరికీ కనబడమని తేలాక, చేతులు మోకాళ్ళమీద ఆన్చి ముసలి గాడిదల్లా ఎక్కుతాం. దిగేటప్పుడు మళ్ళీ ఆ మలుపు దగ్గరే పరుగు మొదలు. ఫోటోల్లో మాత్రం అందరం జింకలమే.”

ఈ మాట నాతో అంటూ మార్సెలీన్ ఉరూటీ కుడికాలు ఎత్తి ఎదుటి కుర్చీలో పెట్టింది. మోకాలిమీద గడ్డకట్టిన బఠాణీల సంచి. దానిమీద పెద్దక్షరాలతో ‘తినరాదు’ అని ఆవిడే రాసుకుంది. మూడేళ్ళుగా ఆ సంచి వంటకి కాదు, మోకాలికే.

ఆవిడకి అరవై ఆరేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళు మా ఊరు జునిపర్ వెల్స్ కంకరరోడ్ల మీద బడి బస్సు నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. రోజూ అరవైమంది పిల్లల్ని మోసేదానికి ఇంట్లో కూడా దేనికంటుంది. ఆవిడ చేత చీవాట్లు తినకుండా చదువుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. షెరీఫంతటివాడు కూడా, ఆవిడ ఎదురైతే ఇప్పటికీ నోట్లో చూయింగ్ గమ్ గుటుక్కున మింగేస్తాడు.

సెప్టెంబరు మొదటి శనివారం టిన్‌కప్ కొండ పరుగు. తెల్లారి ఆరింటికి ఊళ్ళో మొదలు, తొమ్మిది మైళ్ళు పైకి. దానికున్న రూలు ఒక్కటే. కొండకొమ్మున రాళ్ళకింద ఒక రేకుపెట్టె, అందులో ఒక నోటుపుస్తకం. మధ్యాహ్నం పన్నెండులోపు ఆ పుస్తకంలో ఎవరి పేరు వాళ్ళు రాసుకోవాలి. పేరుంటే ఎక్కినట్టు. లేకపోతే గాలి పీల్చుకోవడానికి వెళ్ళొచ్చినట్టు.

ఆ పెట్టెకి కాపలా వెండెల్, మార్సెలీన్ చెల్లెలి మొగుడు. మడతకుర్చీ, బైనాక్యులర్స్, నాలుగు సాండ్‌విచ్‌లు మూటగట్టుకుని ముందురోజే ఎక్కి కూర్చుంటాడు. గడియారం పన్నెండు కొట్టిందంటే మూత దిగాల్సిందే.

మార్సెలీన్ తొమ్మిదిసార్లు ఎక్కింది. తొమ్మిదిసార్లూ పన్నెండు దాటింది. ఒక ఏడు ఆరంటే ఆరే నిమిషాలు. వెండెల్ అప్పటికే మూతపెట్టి దానిమీద కూర్చుని, “రూలు రూలే వదినా” అని సగం సాండ్‌విచ్ చేతిలో పెట్టాడు. ఆవిడ సాండ్‌విచ్ తినేసింది, నవంబరు దాకా అతనితో మాట్లాడలేదు. రోషం మాటకేగానీ తిండికి కాదు.

ఈ ఏడు సంగతి వేరు. నెలాఖరుకి మోకాలు కోసి లోహపు కీలు పెడతానని డాక్టరు తేదీ ఇచ్చేశాడు.

“ఆ తర్వాత ఎక్కితే ఏం లాభం? ఎక్కింది నేనా, ఆ కీలు చేసిన కంపెనీవాడా?” అంది మార్సెలీన్. “పుట్టినప్పుడు ఇచ్చిన మోకాలితో ఎక్కాలి. అంటే ఇదే ఆఖరుసారి.”

పందెం రోజు సగం కొండమీదున్న నీటి ఊట దగ్గరికి ఆవిడ ఎనిమిదీ నలభైకల్లా చేరిపోయింది. తన జన్మలో అంత ముందుగా ఎప్పుడూ చేరలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఉప్పులో అద్దుకుని రెండు తింది. పిక్కలు పట్టెయ్యకుండా దోసకాయలు ఊరేసిన ఉప్పునీళ్ళు ఓ గ్లాసుడు తాగి, ముఖం వికారంగా పెట్టి, మరో గ్లాసు తాగింది. కుర్రకారు అప్పటికే పైకెళ్ళిపోయారు. ఆవిడ పక్కన రీనో పట్నం నుంచి వచ్చిన ఏడుగురు మిగిలారు. బూట్లు కొత్తవి, చేతికర్రలు కొత్తవి, భయం కూడా కొత్తదే.

ఊట దాటి నాలుగడుగులు వేస్తే దారి చూపించే గులాబీ రిబ్బన్లు లేవు. సేజ్ పొదల్లో ఒక ఆవు, మూతి పక్కన గులాబీ పీలిక వేలాడేసుకుని, నన్నేం అడక్కండన్నట్టు నెమరేస్తోంది. ఏటా ఆవులు ఓ నాలుగు రిబ్బన్లు తినేవి. ఈసారి పొద్దున్నే మంద మొత్తం విందు చేసుకుంది.

రీనోవాళ్ళు బిక్కమొహాలు వేశారు. మార్సెలీన్ కూడా తొమ్మిదిసార్లూ రిబ్బన్లు చూసుకుంటూ నడిచిందేగానీ దారి గుర్తుపెట్టుకోలేదు.

“రిబ్బన్లు పోతే పోయె,” అంది మార్సెలీన్. “మా తాత వేసిన దారుంది. నా వెనకాల నడవండి.”

ఆవిడ తాత బెన్యాట్ స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దులోని బాస్క్ దేశం నుంచి వచ్చి, నలభై ఏళ్ళు ఈ కొండమీదే గొర్రెలు కాశాడు. తీరికున్నప్పుడల్లా గట్లమీద మనిషెత్తున రాళ్ళు పేర్చాడు. వాటిని ఇంట్లో ‘రాళ్ళబ్బాయిలు’ అనేవారు. అవి కొండకొమ్ముకి దారి చూపిస్తాయని మార్సెలీన్ వాళ్ళ నాన్న చెప్పేవాడు. నాన్న గొర్రెల జోలికి పోనివాడు, పోస్టాఫీసులో పని. ఆయనకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

ఒకటో రాళ్ళబ్బాయి, రెండో రాళ్ళబ్బాయి, మూడు. నాలుగోవాడి దగ్గర దారి కిందికి దిగింది.

“అమ్మా, కొండ అటుంది కదండీ?” అన్నాడు రీనో పెద్దమనిషి ఒకాయన.

“ఎక్కడుండాలో కొండకి తెలుసు. ఎటెళ్ళాలో మా తాతకి తెలుసు. నీకు నడవడం తెలుసా? నడు.”

ఎనిమిదో రాళ్ళబ్బాయి ఒక ఆస్పెన్ తోపు ముందు నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ లేరు. లోపల తెల్లటి చెట్ల బెరడుమీద కత్తితో చెక్కిన బొమ్మ. నిండైన ఆడమనిషి, ఒంటిమీద టోపీ తప్ప మరేం లేదు. కింద ‘రోజలీ, 1934’. పక్కచెట్టుమీదా రోజలీయే. మొత్తం పదకొండు చెట్లు, పదకొండు రోజలీలు. చెట్టు మారినకొద్దీ తాతకి చెయ్యి తిరిగినట్టుంది, ఆఖరి రోజలీ బాగా కుదిరింది.

ఏడుగురూ చెట్టుచెట్టుకీ తిరిగి చూశారు.

“మీ నాయనమ్మగారాండీ?” అంది రీనో ఆవిడ ఒకతె, మర్యాదగా.

“మా నాయనమ్మ పేరు గ్రాసియాన్. ఎండుపుల్లలా ఉండేది. ఆ ఏటికి మా నాన్నకి తొమ్మిదేళ్ళు!”

టైము పదకొండు కావస్తోంది. కొండకొమ్ము నెత్తిమీద కనబడుతోంది. దారి మాత్రం లేదు, మొత్తం జారే రాతిముక్కలే. మార్సెలీన్ ఒకసారి రోజలీ వైపు చూసింది, ఒకసారి కొండవైపు చూసింది, నిటారుగా ఎక్కడం మొదలెట్టింది. రెండడుగులు వేస్తే ఒకడుగు జారుడు. అడుగుకో తిట్టు, తిట్లన్నీ తాతకే. “గొర్రెలు కాయమంటే బొమ్మలు చెక్కావా, ముసలి గడ్డమోడా! ఎముకలు కొరికే చలి అని నాయనమ్మ మేజోళ్ళు అల్లి పంపితే, ఇదా నువ్వు వెలగబెట్టింది!” వెనక ఏడుగురూ ఆ తిట్ల తాళానికే అడుగులు వేస్తూ వచ్చారు. కోపంలో మోకాలి నొప్పి ఎటుపోయిందో ఆవిడకే తెలీదు.

పైన వెండెల్ బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని అసలు దారివైపు చూస్తున్నాడు.

“మరిదీ!” అని వీపు వెనక కేక.

ఎగిరిపడ్డాడు. మడతకుర్చీ అతనితో సహా మడతపడింది. పన్నెండుకి పది నిమిషాలుంది.

“ఇటునుంచి రాకూడదు వదినా,” అన్నాడు కుర్చీలోంచి ఊడొస్తూ. “దారి అటు.”

“పుస్తకంలో రాయాల్సింది మనిషి పేరా, దారి పేరా?”

“రిబ్బన్ల వెంట రావాలి.”

“రిబ్బన్లు ఆవు కడుపులో ఉన్నాయి. దాని వెంట రమ్మంటావా?”

“కమిటీని అడగాలి మరి.”

“కమిటీ అంటే ఎవరు?”

“నేనూ, మీ చెల్లెలూ.”

“అది నా మాట వింటుందా, నీ మాట వింటుందా?”

వెండెల్ ఆలోచనలో పడ్డాడు. అంతటితో వదిలేస్తే మార్సెలీన్ ఎలా అవుతుంది? ఆ ఆరు నిమిషాల సంగతి తవ్వింది. అతను పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన సంగతి తవ్వింది. తీసుకెళ్ళి తిరిగివ్వని నిచ్చెన సంగతీ తవ్వింది. ఆ సందులో రీనోవాళ్ళు చడీచప్పుడూ లేకుండా పెట్టె తెరిచి, ఒకరి తర్వాత ఒకరు పేర్లు రాసుకున్నారు. ఒకాయన పేరు పక్కన పువ్వు కూడా వేశాడు.

“సరే వదినా, నువ్వే గెలిచావు. అందరూ లెక్కలోకే,” అన్నాడు వెండెల్.

మార్సెలీన్ రెండు చేతులూ ఆకాశానికెత్తింది. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు, కౌగిలింతలు, సాండ్‌విచ్‌లు. గడియారం బీప్‌మంది. వెండెల్ మూతపెట్టి పైన రాళ్ళు పేర్చాడు. అందరూ దిగారు.

సాయంత్రం పార్కులో కాల్చిన గొర్రెమాంసం, చిక్కుడుగింజల కూర. వెండెల్ కాగితంమీద దింపుకొచ్చిన పేర్లు చదివాడు. రీనోవాళ్ళు ఏడుగురూ ఉన్నారు. మార్సెలీన్ లేదు. మళ్ళీ చదివాడు. మళ్ళీ లేదు.

“వదినా, నువ్వు రాశావా అసలు?”

ఆవిడ కాగితం లాక్కుని తనే చదువుకుంది. ముప్పై ఒక్కేళ్ళు బస్సులో పిల్లల్ని తలలు లెక్కపెట్టి దింపిన మనిషి, తన తల లెక్కపెట్టుకోవడం మరిచిపోయింది.

“నేను కళ్ళారా చూశాగా, కలిపేస్తా,” అన్నాడు వెండెల్. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

“రూలు రూలే మరిదీ,” అని ఆవిడ ఎముక చప్పరిస్తూ కూర్చుంది. షెరీఫ్ వచ్చి, ఎక్కినట్టు రాతపూర్వకంగా సాక్ష్యం ఇస్తానన్నాడు. వెళ్ళి చేతులు కడుక్కోమంది.

ఇదంతా చెప్పి, మార్సెలీన్ బఠాణీల సంచి తిరగేసి రెండోవైపు ఆనించుకుంది. మంగళవారం ఆస్పత్రి.

“ఆదివారం నువ్వు కొండపైకి వెళ్తున్నావట కదే?”

నేను అవునన్నాను. మీ పేరు నేను రాసొస్తానని కూడా అన్నాను.

“నువ్వు రాస్తే అది నీ రాత. ఎక్కింది నేను, నా చెయ్యే రాయాలి. టైము దగ్గర అబద్ధమాడనులే. ‘పదిహేను రోజులు ఆలస్యం’ అని ఉన్నదున్నట్టే రాస్తా. పందెంలో లెక్కకి రాకపోతే మానె. కానీ ఈ మోకాలు నాదిగా ఉండగానే రాయాలి, మంగళవారం లోపు. అందుకని ఆ పుస్తకం కిందికి పట్టుకురా. ఒక్క అరగంట. వచ్చే ఆదివారం మళ్ళీ పెట్టేద్దువుగాని.”

నేను గుమ్మం దాకా వెళ్ళాను. వెనక నుంచి కేక.

“అమ్మాయ్! ఆ పెట్టెలో పెన్ను కూడా పట్టుకురావే. సిరా తేడా వస్తే ఇంట్లో కూర్చుని రాశానని మా మరిది పట్టేస్తాడు.”