కాపీ అవుతోంది, కదలొద్దు

మా ముందుగదిలో అద్దెకి ఫోటో స్టూడియో పెట్టుకున్న మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు, నోటి దురుసు అసలే లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. కెమెరాలోని ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కేదాకా లోకమంతా ఊపిరి బిగబట్టి నిలబడాలంటాడు. నేను అతన్ని తమ్ముడూ అంటాను, అతను నన్ను అక్కయ్యగారూ అంటాడు. వీధివాళ్ళు మాత్రం "కదలొద్దు" అని పేరు పెట్టేశారు. "కదలొద్దుగారు ఉన్నారాండీ" అని అడుగుతూ మా గుమ్మం ఎక్కుతారు. అతనూ పలుకుతాడు.

ఈ కదలొద్దు గెలిచిన తగాదా ఒకటి నా కళ్ళతో చూశాను. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు ఒకాయన, పొట్ట పెద్దది, గొంతు అంతకంటే పెద్దది, వాళ్ళ అమ్మ ఎనభయ్యో పుట్టినరోజు ఫోటోలకి వచ్చాడు. అవి అప్పుడే కాపీ అవుతున్నాయి. తనకి అరగంటలో రైలుందని, కార్డు ఇచ్చేస్తే దారిలో ఇంకెవరి చేతనైనా చేయించుకుంటానని కాంట్రాక్టరు కేకలు మొదలుపెట్టాడు. అలా కుదరదన్నాడు మా తమ్ముడు. నీలాంటివాళ్ళని వందమందిని చూశానని ఆయన కార్డు లాగడానికి చెయ్యి చాపాడు. మా తమ్ముడు గొంతు పెంచలేదు. కార్డుకీ ఆ చేతికీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి, తెర వంక చూపించాడు.

"ఇప్పుడు మీ అమ్మగారు కేకు మీదికి వంగుతున్నారండి. ఈ నిమిషంలో లాగితే ఆవిడ సగమే వస్తారు."

"ఏ సగం?"

"అది మన చేతిలో ఉండదండి."

కాంట్రాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ మొహంలో ఎన్ని లెక్కలు తిరిగాయో. పై సగం రాకపోతే కేకు కోసింది ఎవరో తెలియదు, కింది సగం రాకపోతే చుట్టాలకి ఏమని చెప్పుకుంటాడు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. నేల అదురుతుందేమోనని కాళ్ళు కూడా పైకెత్తి పెట్టుకున్నాడు. రైలు వెళ్ళిపోయింది. ఆయన పోతూ పోతూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి మరీ పోయాడు.

అసలు పని ఎంతని. మెమరీ కార్డంటే నా చిటికెన వేలి గోరంత. దాన్ని అడాప్టర్ అనే తొడుగులో దూర్చాలి, అది తపాలా బిళ్ళంత. ఆ తొడుగుని లాప్‌టాప్ పక్కనున్న సందులోకి తొయ్యాలి. టిక్కుమంటుంది. అయిపోయింది. నేను మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఆగిపోయింది అనను, నేనే ఆపేశాను. చూసీ చూసీ నాకే వచ్చేసింది. మా తమ్ముడు మాత్రం దానికి గుండె ఆపరేషనంత తతంగం చేస్తాడు. సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. పొడి గుడ్డతో తుడుచుకుంటాడు. కిటికీ వేస్తాడు. ఆ తొడుగు పక్కన బుడిపె ఒకటుంటుంది. దాన్ని కిందికి జరిపితే లోపలివి ఎవరూ చెరపలేరట. అది జరిపి, నన్ను సాక్ష్యానికి పిలుస్తాడు.

"జరిపానా అక్కయ్యగారూ?"

"జరిపావు."

"మీరు చూశారా?"

"చూశాను."

"కళ్ళజోడు పెట్టుకుని చూశారా?"

ఇక అక్కణ్ణించి "కాపీ అవుతోంది, కదలొద్దు." నా వంటింట్లో మిక్సీ తిరగకూడదు. మంచం లాగకూడదు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఒకావిడ చంకలో పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, ఏడవడం పరవాలేదమ్మా, బల్లని తన్నకుండా చూసుకోండి అన్నాడు. ఒకసారి నేను తుమ్మాను. మొదటి ఫోటో నుంచి మళ్ళీ కాపీ చేశాడు. ఏమయ్యా, నా తుమ్ము దాంట్లోకి ఎలా పోతుందని నిలదీస్తే, పోదనుకోండి, పోతే ఎలా అన్నాడు. అంతా ఎక్కాక కెమెరాలో ఎన్ని, లాప్‌టాప్‌లో ఎన్ని అని మూడుసార్లు సరిచూస్తాడు. ఆ పైన హార్డ్ డిస్క్ అనే ఇంకో డబ్బాలోకి ఎక్కించి, దాన్ని తెచ్చి నా బీరువాలో దుప్పట్ల మధ్య దాస్తాడు. నా ఇంట్లో దుప్పటి మార్చాలంటే ముందు ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు నాలుగు పక్కకి జరపాలి.

కానీ ఇరవై రెండేళ్ళలో ఒక్కరి ఫోటో పోగొట్టలేదు. ఆ మాట నేను వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చెప్పుకునేదాన్ని, నేనే తీసినట్టు.

అటువంటి మనిషి కిందటి నెలలో నాలుగు రోజులు నా ప్రాణం తోడేశాడు.

మా ఎదురింట్లో స్టోరు గుమస్తాగారు ఉంటారు. వాళ్ళ ఆఫీసులో కాగితాలు, పెన్నులు, తాళాలు అన్నీ ఆయన చేతి మీదుగానే పోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు సంతకం లేకుండా గుండుసూది బయటికి పోనివ్వలేదు. పై అధికారి పెన్సిలు అడిగినా పాత పెన్సిలు ముక్క చూపించమనేవాడట. ఆయన రిటైరవుతున్నాడని ఆఫీసువాళ్ళు సభ పెట్టారు. సరిగ్గా దానికి పదిరోజుల ముందు ఆయన భార్య స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడదాకా సిమెంటు కట్టు. నేను చూడలేనిది కదలొద్దుగారి కెమెరా చూసి తెస్తుంది వదినా అని, పట్టుబట్టి మా తమ్ముణ్ణి పంపించింది.

మా తమ్ముడు సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఎలా జరిగిందంటే బాగానే అన్నాడు. చేతులు కడుక్కున్నాడు. స్టూడియోలోకి పోయి తలుపేసుకున్నాడు. నన్ను సాక్ష్యానికి పిలవలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేను లేకుండా ఆ బుడిపె జరిగింది.

తెల్లారగానే ఎదురింటి కిటికీలోంచి పిలుపు. ఆవిడ మంచం కిటికీ పక్కనే. హాలు కిక్కిరిసిపోయిందట, కూర్చోడానికి చోటులేక గోడవారన నిలబడ్డారట, వాళ్ళాయన చెప్పాడట. మంచానికి ఎదురు గోడ మీది కేలండరు తీయించేసి మేకు కూడా కొట్టించింది. ఆవిడకో చెల్లెలుంది. మీ ఆయన ఆఫీసు వరండాలో వస్తుంటే అందరూ పక్కకి తప్పుకుంటారటగా అక్కా, అని ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచీ పొడుస్తూనే ఉంది. ఆదివారం ఆ చెల్లెలు వస్తోంది. అప్పటికి ఫోటో ఆ మేకుకి ఉండాలి.

"వస్తాయా వదినా?"

"మా తమ్ముడి చేతిలో పడ్డ ఫోటో ఎక్కడికీ పోదు. నాదీ పూచీ," అన్నాను. నా నోరు ఊరుకోదుగా.

రెండో రోజు మా తమ్ముడు, లాప్‌టాప్ అడాప్టర్‌ని తీసుకోవడం లేదు అక్కయ్యగారూ అన్నాడు. మూడో రోజు, తీసుకుంది కానీ లోపల కార్డు ఉన్నట్టే చూపించడం లేదన్నాడు. అన్నం సగం వదిలేశాడు. ఆ తొడుగుని గుడ్డతో తుడవడం, వెలుగులో పెట్టి చూడడం, జేబులో పెట్టుకోవడం. ఎదురింటావిడ రోజుకి నాలుగుసార్లు అడుగుతోంది. ఆ కిటికీ కంట పడకుండా నేను పెరటి గుమ్మంలోంచి తిరగడం మొదలుపెట్టాను, నా ఇంట్లో నేనే దొంగలా. మధ్యలో గుమస్తాగారు ఒకసారి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. బాగా వచ్చాయా అని అడిగారు. ఇంకా ఎక్కలేదండి అన్నాడు మా తమ్ముడు. "తొందరేం లేదు, నెమ్మదిగానే కానివ్వండి," అని లేచి వెళ్ళిపోయారు. ఆ స్టూలు మీద కూర్చుని ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

శనివారం మధ్యాహ్నం మా తమ్ముడు బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలకి వెళ్ళాడు. అడాప్టర్ బల్ల మీదే మరిచిపోయాడు. ఈ మనిషి ఒక వస్తువు మరిచిపోయాడంటేనే సగం చచ్చాడని అర్థం. రెండో తాళంచెవి నా దగ్గరుంది. లోపలికి పోయాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. కళ్ళజోడు పెట్టుకుని బుడిపె చూశాను. దేవుణ్ణి తలుచుకుని సందులోకి తోశాను.

టిక్కుమంది. బిళ్ళలు బిళ్ళలుగా ఫోటోలన్నీ వచ్చి వరుసగా నిలబడ్డాయి. కార్డు రాయిలా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. తరవాత ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాను. పెద్ద హాలు. రెండువందల కుర్చీలుంటాయి. మనుషులు నలుగురు. స్టేజి మీద పూలగుత్తి పట్టుకుని గుమస్తాగారు. కింద ఫోను చూసుకుంటూ అధికారి ఒకడు, టీలు అందించేవాడు ఒకడు, వాచ్‌మన్ ఒకడు. ఇంకో ఫోటోలో వాచ్‌మన్ రెండో వరసలో ఉన్నాడు. ఇంకోదాంట్లో అయిదో వరసలో, టోపీ లేకుండా. ఇంకోదాంట్లో గోడవారన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. టీలవాడు ఒకచోట కళ్ళజోడు పెట్టుకున్నాడు, అది మా తమ్ముడిది. వెనక వరసలో ఆ వాచ్‌మన్ టోపీ పెట్టుకుని కూర్చున్నది ఎవరా అని దగ్గరికి జరిగి చూస్తే, మా తమ్ముడి కెమెరా సంచీ.

నవ్వాపుకోలేకపోయాను. నవ్వుతూనే స్టేజి మీదున్నాయన్ని చూశాను. ఆఖరి వరస దాకా వినపడాలన్నట్టు మెడ సాచి, గొంతెత్తి మాట్లాడుతున్నారు. ఆ వరసలో సంచీ వింటోంది.

వెనక అడుగుల చప్పుడు. మా తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చేతులు కడుక్కున్నారా?" అన్నాడు.

"కడుక్కున్నాను. బుడిపె కూడా చూశాను, కళ్ళజోడు పెట్టుకునే. ఇక నువ్వు చెప్పు. నిక్షేపంలాంటి కార్డు పెట్టుకుని నాలుగు రోజుల నుంచి నన్నెందుకు చంపుతున్నావు?"

స్టూలు మీద కూలబడ్డాడు. ఆఫీసువాళ్ళు ఫలహారం పొట్లాలు బయట వరండాలోనే పంచారట. అందుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారట. ఆ ఆఫీసులో సంతకం లేకుండా ఏదైనా బయటికి పోయిన రోజు అదొక్కటేనట. వాచ్‌మన్‌ని బతిమాలి వరస వరసకీ తిప్పినా హాలు నిండలేదట.

"దాచమని గుమస్తాగారు అడిగారా?"

"ఏమీ అడగలేదు అక్కయ్యగారూ. తిరిగొచ్చే దార్లో ఒక్కమాటే అన్నారు. కెమెరాలో జనం తక్కువగా కనిపిస్తారా అని. కనిపిస్తారండీ, చాలా తక్కువగా కనిపిస్తారు అన్నాను."

ఆయనొక్కడూ ఉన్న ఫోటో ఒకటి ఇచ్చేయరాదా అన్నాను.

"ఒకటిస్తే మిగతావి ఏవంటారు. ఉన్నవన్నీ ఇస్తే ఈ వాచ్‌మన్‌లు ఎంతమంది అన్నదమ్ములంటారు. కార్డు పోయిందంటే అన్నీ పోయినట్టే. అదే చెప్తాను."

"నువ్వు చెప్తావా? ఇరవై రెండేళ్ళుగా తుమ్ముకి కూడా భయపడ్డవాడివి, పోగొట్టానని చెప్తావా? రేపట్నించి ఈ గడప ఎవరు తొక్కుతారు?"

"నాలుగు రోజుల నుంచీ ఆ భయమే అక్కయ్యగారూ." అడాప్టర్ తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. "ఫోటో రాలేదని ఆవిడ నన్ను నాలుగు తిట్టుకుంటారు. ఫోటో వస్తే, హాలు కిక్కిరిసిందని చెప్పిన ఆయనతో ఇక మాట్లాడలేరు. చిక్కేమిటంటే, నేను చెప్తే ఎవరూ నమ్మరు. కదలొద్దు దగ్గర కార్డు పోవడమేంటి అంటారు."

"నేనే నమ్మను."

"అందుకే మీతో పని పడింది."

స్టూలు నా దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"రేపు పదింటికి చెల్లెలుగారు వస్తారు. కిటికీ తెరిచే ఉంటుంది. మీరు గేటు దగ్గర నిలబడి నన్ను తిట్టండి. మీరు తిడితే ఈ వీధిలో అనుమానపడేవాళ్ళు లేరు."

"ఎంతసేపు?"

"పావుగంటకి తగ్గితే నమ్మరు. మధ్యలో జాలిపడి ఆపెయ్యకండి. చేతకానివాడు అనండి. నిర్లక్ష్యం మనిషి అనండి." ఆ మాట దగ్గర ఒకసారి చేతిలోని అడాప్టర్ వంక చూసుకున్నాడు. "మధ్యలో రెండు మూడుసార్లు, అంత జనం వచ్చిన సభ, ఇసకేస్తే రాలనంత జనం, అని గట్టిగా అనండి. చెల్లెలుగారికి వినపడాలి. నేను తలొంచుకుని నిలబడతాను, మారు మాట్లాడను. మా అమ్మ జోలికి మాత్రం పోకండి. మిగతాదంతా మీ ఇష్టం."