సోమశిల పుట్టిలో విసిరిన వల

నాకు నీళ్లంటే భయం. ఈ సంగతి బ్లాగులో ఎక్కడా బయటపడకుండా ఇన్నాళ్లూ గుట్టుగా నెట్టుకొచ్చాను. కోటల మీదా కొండల మీదా రాసుకుంటూ హాయిగా ఉన్నదాన్ని, ఒక పాఠకురాలు "మేడమ్, కృష్ణను ఇంత దగ్గర పెట్టుకుని ఒక్కసారీ పుట్టి ఎక్కలేదా?" అని కామెంట్లలో అందరి ముందూ అడిగేసింది. పుట్టి అంటే గంపలా గుండ్రంగా ఉండే చిన్న పడవ. నాకు రోషం పొడుచుకొచ్చింది. వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆగస్టులో ఒక శనివారం బడికి సెలవు పెట్టి సోమశిలకు బయల్దేరాను.

వనపర్తిలో ఏడింటికి బస్సెక్కితే పానగల్ మీదుగా కొల్లాపూర్ చేరడానికి గంటన్నర పట్టింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే కాబట్టి అక్కడిదాకా పైసా ఖర్చు లేదు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ముప్పై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఈత వస్తదా అక్క?" అన్నాడు. రాదన్నాను. "అట్లయితే పుట్టిల నడిమిట్ల గూసోండ్రి. అంచుకు మాత్రం పోకుండ్రి" అన్నాడు. సలహా మంచిదే. ఆటోలోనే అంచు వదిలి లోపలికి జరిగాను.

సోమశిలలో ఆటో దిగేసరికి తొమ్మిదిన్నర. నది ఎర్రగా, అవతలి ఒడ్డు మసకగా ఉంది. ఒడ్డున వెంకటయ్య అనే అరవై ఏళ్ల పెద్దమనిషి పుట్టిలో నీళ్లు తోడిపోస్తున్నాడు. అర్ధగంట తిప్పడానికి రెండు వందలన్నాడు. బేరం ఆడే ధైర్యం కూడా లేక సరేనన్నాను. లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చున్నాక చూస్తే నా కాళ్ల దగ్గర ఒక వల కుప్పగా ఉంది. "ఇంట్ల పెడితే ఎలుకలు కొరుకుతయి బిడ్డ, అందుకే ఈడ పెట్టుకుంట" అన్నాడు.

పుట్టి తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. పావుగంటకు నా ప్రాణం కాస్త కుదుటపడింది. అదిగో, అప్పుడు పుట్టింది నాకు పాడు బుద్ధి. పుట్టి ఎక్కాను సరే, ఎక్కినట్టు లోకానికి ఎట్లా తెలియాలి? వల వేయమన్నాను.

"ఇప్పుడు ఎయ్యొద్దు బిడ్డ" అన్నాడు వెంకటయ్య. "ఈ రెండు నెలలు చేపలు గుడ్ల మీద ఉంటయి. చేపలాఫీసు సార్లు తిరుగుతుంటరు. జూసిండ్రంటే జుర్మానా ఏస్తరు, చేపలు పట్టే కార్డు గుంజుకుంటరు. కార్డు లేకుంటే మల్ల ఏట మొదలైనంక వల దించనియ్యరు. నా ఏడాది బువ్వ అది."

"ఒక్కసారే పెద్దయ్య. చేప పడకున్నా మంచిదే. వల గాలిల విచ్చుకునేది వీడియో తీస్కుంట."

ఆయన నదిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఇంటికొచ్చిన చుట్టం అడిగితే కాదనలేని మనిషి. లేచి, నడుం తిప్పి విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. నేను ఫోన్లో తీసుకున్నాను, మురిసిపోయాను కూడా.

వల ఇంకా పైకి లాగనేలేదు, మోటారు చప్పుడు వినబడింది. గుట్ట మలుపు తిరిగి ఒక పడవ నేరుగా మా మీదికి వస్తోంది. వెంకటయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. దిగి పారిపోవడానికి అది రోడ్డు కాదు, చుట్టూ నీళ్లు. పడవలోని అధికారి నీళ్లలోని వల వంక చూసి, వెంకటయ్యనే అడిగాడు.

"ఎవరేసిండ్రు?"

వెంకటయ్య పెదాలు కదిలాయి. మాట ఇంకా రాలేదు. ఆ ఒక్క క్షణం నేను ఓర్చుకోలేకపోయాను.

"నేనే ఏసిన సార్" అన్నాను.

"మీరా?" అధికారి నన్ను, నా జాకెట్‌ను, నా చేతిలోని ఫోన్‌ను చూశాడు. "ఏదీ, ఇంకోసారి ఏసి చూపియ్యండ్రి."

వెంకటయ్య వల లాగి నా చేతిలో పెట్టాడు. అంచున సీసపు గుండ్లు ఉంటాయట, అంత బరువని నాకేం తెలుసు? కళ్లు మూసుకుని విసిరాను. వల ముద్దలా దభీమని పడి నన్నూ లాక్కుపోబోయింది. వెంకటయ్య నా జాకెట్ పట్టి వెనక్కి గుంజకపోతే ఈ పోస్టు రాసే అవసరమే ఉండేది కాదు. ఎవరూ నవ్వలేదు.

"నేనే ఏసిన సార్. బిడ్డ అడిగిందని ఏసిన" అన్నాడు వెంకటయ్య.

"ఆ మాట ముందుగాల్నే చెప్తే మొదటి తప్పని బెదిరిచ్చి ఇడిసిపెడుతుంటి" అన్నాడు అధికారి. "అబద్ధమాడినంక ఎట్ల ఇడవాలె?" వల వాళ్ల పడవలోకి పోయింది, కార్డు అధికారి జేబులోకి పోయింది. జరిమానా రాసిచ్చారు.

వెంకటయ్య పుట్టిని ఒడ్డుకు చేర్చాడు. జరిమానా నేను కడతానంటే సరేనన్నాడు. వల ఖరీదు కూడా ఇవ్వబోతే రెండు వందలు మాత్రం తీసుకుని, "కిరాయి సాలు" అన్నాడు. తర్వాత మెల్లగా, "సారు అడిగింది నన్ను గద బిడ్డ. నువ్వెందుకు చెప్తివి?" అన్నాడు.

ఆయనను కాపాడాలనే అని ఇంటికొచ్చాక అందరికీ చెప్పాను. అది నిజం కాదు. నాకు భయమేసింది, అంతే. వల వేయమని అడిగింది నేనేనన్న సంగతి ఆయన నోట వినాల్సి వస్తుందేమోనన్న భయం. దసరా సెలవుల్లో ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. వేట మళ్లీ మొదలై నెల దాటింది. కార్డు రాలేదు. "ఆయన ఇంట్ల లేడు బిడ్డ. పత్తి ఏరనీకి కూలికి పోయిండు" అంది. ఎవరు మాట్లాడేదని అడిగింది. నా పేరు చెప్పలేక ఫోన్ పెట్టేశాను. వీడియో ఇక్కడ పెట్టడం లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. సోమశిల వానాకాలంలోనే చూడాలి, తప్పకుండా వెళ్లండి. పుట్టి ఎక్కే ముందు అందులో వల ఉంటే ఒడ్డున దింపించండి. వల వేయమని మీరు అడిగితే వాళ్లు కాదనరు.