డస్టర్ మాస్టారు కొట్టిన దెబ్బ

డస్టర్ మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. క్లాసులో ఎవరైనా ఆవులిస్తే చాలు, బల్ల మీది డస్టరు గాల్లోకి లేచేది. ఒక విద్యార్థి కనుబొమ చిట్లితే తనే తీసుకెళ్లి కుట్లు వేయించి, దారి పొడుగునా అతన్నే తిట్టుకుంటూ వచ్చిన ఘనుడు. భార్య మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అదీ ఒక గొప్పేనా, నా మొహం! ఆవిడ పక్కనున్న గోడలూ తలుపులూ ఆవిడ బదులు దెబ్బలు తిన్నాయి.

ఆయన ఫిజిక్సూ అలాంటిదే. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో కంటికి కనబడని కణాలు కిక్కిరిసి ఉండేవని, రెండేసి ఎదురుపడి ఒకదాన్నొకటి మట్టుబెట్టుకునేవని ఆయన సిద్ధాంతం.

"వాటికేం బుద్ధొచ్చి మానలేదు," అని క్లాసులో అరిచేవాడు. "విశ్వం సాగి సాగి, కొట్టుకుందామన్నా ఒకటికొకటి దొరక్కుండా పోయాయి. చావగా మిగిలిందే కృష్ణ పదార్థం, డార్క్ మ్యాటర్!"

ఆ మిగిలిన కణం బరువెంతో లెక్కగట్టడానికి యవ్వనమంతా ధారపోశాడు.

దాన్ని పట్టడానికి ఒక పాత గని అడుగున ద్రవంగా మార్చిన జినాన్ వాయువు నింపిన ట్యాంకు పెట్టారు. ఆ కణం వచ్చి జినాన్ పరమాణువును ఢీకొడితే చిన్న మెరుపు వస్తుంది; ఆ మెరుపులను బట్టి కణం బరువు తేలుతుంది. గనిలోకి నీళ్లు ఊరుతున్నాయి కాబట్టి ఈ దఫా ప్రయోగంతో ట్యాంకు విప్పేస్తారు. ఇంకోటి కట్టేదాకా మీరుండరని గుండె డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. చూస్తే ఇప్పుడే చూడాలి.

ఈ పనిలో ఒక పద్ధతుంది. ఆశపడే కళ్లకు లేనిది కూడా కనబడుతుంది కదా! అందుకని ఒకే ఒక్క మనిషి, ఎవరికీ చెప్పకుండా, కొన్ని దొంగ మెరుపులను అసలు వాటిలో కలుపుతాడు. దాన్ని ఉప్పు వేయడం అంటారు. ఏ మెరుపు ఉంచాలో ఏది తీసేయాలో తేల్చి అందరూ సంతకాలు పెట్టాకే అతను నోరు విప్పాలి. ముందే ఎవరి చెవినైనా పడిందా, ఆ దఫా మొత్తం చెత్తబుట్టకే. ఈసారి ఉప్పు పని అక్కడే పనిచేసే మాస్టారి బావమరిదికి పడింది.

మెరుపులు కనబడ్డాయి. సరిగ్గా మాస్టారు లెక్కగట్టిన బరువు దగ్గరే! ఆయనకిక తిండి సయించలేదు. గని లిఫ్టు పక్కన బట్టలు మార్చుకునే గదిలో బావమరిది ఒంటరిగా దొరికాడు.

"ఒక్క మాట చెప్పరా. ఉప్పా, నిజమా?"

"చెప్పకూడదు బావా. నీకు తెలీనిదా?"

"నేను రేపో మాపో పోయేవాణ్ణిరా!"

"నీకు దణ్ణం పెడతా, నన్నడక్కు."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది కడుపులో. బావమరిది ఇనుప బీరువాల మీదికి ఒరిగి చేతులు అడ్డం పెట్టుకున్నాడే గాని, తిరిగి కొట్టలేదు. అక్క మొగుడాయె! మాస్టారు గోడకున్న హెల్మెట్ లాగి దవడ మీద బాదాడు. ఎముక విరిగిన చప్పుడు ఆయనకూ వినబడింది. ఆగాడా? ఆగలేదు, పాపిష్టి మనిషి. మళ్లీ బాదాడు.

"ఉప్పు కాదు," అన్నాడు బావమరిది నెత్తురు కక్కుకుంటూ. "అక్కడ నేనేం కలపలేదు. నీదే బావా. నిజం."

మాస్టారు ఆ నెత్తుటి మొహాన్ని గుండెలకు హత్తుకుని భోరుమన్నాడు. ఆసుపత్రిలో మాత్రం మెట్ల మీంచి పడ్డాడని చెప్పాడు. భార్య తమ్ముడి మొహం చూసింది, మొగుడి చేతి కణుపులు చూసింది, తమ్ముడి మంచం పక్కనే ఉండిపోయింది.

తర్వాత జరిగిన చర్చల్లో మాస్టారు ఆ మెరుపుల్లో ఒక్కదాన్నీ తీసేయనివ్వలేదు. తెలిసినవాడి ధైర్యం మరి! చివరికి అందరూ సంతకాలు పెట్టారు. ప్రయోగం నడిపే పెద్దాయన లేచి ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"సంతకాలకు ముందు ఉప్పు సంగతి ఎవరికైనా తెలిసిందా?"

దవడకు తీగలు బిగించి ఉన్న బావమరిది చెయ్యెత్తాడు.

"మంచినీళ్లు కావాలా బాబూ?" అన్నాడు పెద్దాయన. ఎవరో గ్లాసు తెచ్చారు. అతను తీసుకోలేదు. చెయ్యీ దించలేదు.

"దించరా," అని గొణిగాడు మాస్టారు.

ఇవాళ కాకపోతే రేపు రాసి చూపిస్తాడని ఆయనకు తెలుసు. కానీ ఆయన్ని లేపింది ఆ భయం కాదు. ఆనాడు తన దెబ్బలకు అడ్డం పెట్టుకున్న చెయ్యే అది. చూడలేకపోయాడు.

"నీళ్ల కోసం కాదు. వాడి దవడ విరగ్గొట్టి నేనే చెప్పించాను," అన్నాడు.

హాలంతా గగ్గోలెత్తింది. ట్యాంకు చూసుకునే ఇంజనీరమ్మ, సగం జీవితం ఆ గనిలోనే గడిపిన మనిషి, కుర్చీలు తోసుకుంటూ వచ్చి ఆయన మూతి మీద ఒక్క గుద్దు గుద్దింది. పన్నూడి బల్ల మీద పడింది. ఆయన సంగతి తెలిసినవాళ్లు ఆవిడ కోసం హడలిపోయి పరుగెత్తుకొచ్చారు. మాస్టారు చెయ్యెత్తలేదు. చొక్కా చేత్తో నెత్తురు తుడుచుకున్నాడు.

"మళ్లీ ఎప్పటికి చూస్తారమ్మా ఆ కణాన్ని?" అని అడిగాడు.

"మీరు చచ్చాక," అంది ఆవిడ, ఏడుస్తూ.